కథ తెలిసి వినాలా, తెలియకుండా వినాలా?

(చెక్ స్వరకర్త ఆంటొనీన్ ద్వొర్జాక్ ‘స్టాబట్ మాటర్’ విన్నాక అక్కాతమ్ముళ్ళ మధ్య సాగిన వాదన ఇది. సిలువ దగ్గర నిలబడ్డ మేరీమాత శోకాన్ని చెప్పే లాటిన్ పద్యానికి ఆయన కట్టిన బృందగానం అది.)

తమ్ముడు: వినకముందే ద్వొర్జాక్ పిల్లలు పోయిన కథ ఎందుకు చెప్పావక్కా? పాట విననిచ్చావా? మొదటి నుంచీ నాకు చావులే వినిపించాయి.

అక్క: చెప్పకుండా ఎలా ఉంటానురా? 1875లో పుట్టిన రెండు రోజులకే ఒక పాప పోయింది. 1877 ఆగస్టులో పదకొండు నెలల పాప, సెప్టెంబరులో మూడేళ్ళ కొడుకు. నెల తిరక్కుండా ఇద్దరూ పోయారు. ఇంట్లో పిల్లలే లేరు. ఆ నవంబరుకి ఇది పూర్తిచేశాడు. అది తెలియకపోతే సగం విన్నట్టే.

తమ్ముడు: మరి 1876 మాటేమిటి? ఏడు భాగాలు పియానోతో ఆ ఏడాదే రాసిపెట్టుకున్నాడు. అప్పటికి కొడుకు ఇంట్లో తిరుగుతున్నాడు. రెండో పాప ఇంకా పుట్టనే లేదు. ముగ్గురి శోకమూ ప్రతి స్వరానికీ అంటగడితే ఎలా?

అక్క: అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ పక్కన పడేసిన కాగితాలు మళ్ళీ తీసి, మూడు భాగాలు చేర్చి, మొత్తం ఆర్కెస్ట్రాకి రాసింది ఎప్పుడు? ఆ ఇద్దరూ పోయాకే కదా!

తమ్ముడు: నేను చెప్పేది మొదటి నిమిషం గురించి. ఒకే స్వరం కింది స్థాయి నుంచి పై స్థాయికి, ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి ఎక్కుతూ పోతుంది. అంత ఎత్తుకి వెళ్ళి, అక్కణ్ణుంచి సన్నసన్నటి మెట్ల మీద కిందికి జారుతుంది. అది వింటే గొంతు పట్టేస్తుంది. దానికి లాటిన్ రావాలా, తారీఖులు తెలియాలా?

అక్క: ఇంకో చెక్ స్వరకర్త యానాచెక్ మాటేమిటి మరి? సంతలో, వీధిలో జనం మాట్లాడుకునే మాటల ఎత్తుపల్లాలని స్వరాలుగా నోటుబుక్కులో ఎక్కించుకున్న మనిషి. ఆయన సంగీతం పుట్టిందే ఆ యాసలోంచి. ఆ భాష వదిలేసి ఏం వింటావు?

తమ్ముడు: అదే యానాచెక్ ‘గ్లాగోలిటిక్ మాస్’ అనే చర్చి ప్రార్థనల బృందగానానికి ప్రాచీన చర్చి స్లావిక్ అనే పాత ప్రార్థనల భాషలో ఉన్న పాఠం తీసుకున్నాడు. 1927లో చెక్ నగరం బ్ర్నోలో మొదటిసారి పాడినప్పుడు, అది హాల్లో ఎవరి ఇంటి భాషా కాదు. అంతదాకా ఎందుకు, తెలుగు రాని తమిళులు త్యాగరాజ కీర్తనలు ఎంత బాగా పాడతారు!

అక్క: పాడతారు. మన పక్కింటి మామి గుర్తుందా? అమ్మ దగ్గర కూర్చుని ఒక్కో మాటకీ అర్థం అడిగి, తమిళంలో రాసుకునేది. ఆ తర్వాత ఆవిడ పాటలో మాటలు ఎక్కడ విరవాలో అక్కడే విరిగేవి.

తమ్ముడు: అర్థం అడగాలనిపించింది పాట నచ్చాకే కదా అక్కా! నేనూ అదే అంటున్నా. ముందు చెవి, తర్వాతే కథ.

అక్క: సరే, ఇందాక ఆఖరి భాగంలో ఎందుకు కదిలిపోయావు?

తమ్ముడు: ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి ఆగిపోయి, గొంతులు మాత్రమే నిండుగా నిలబడ్డాయి చూడు, అక్కడ.

అక్క: దేహం పోయిన నాడు ఆత్మకి స్వర్గవైభవం దక్కాలని ఆ భాగం ప్రార్థన. నువ్వన్న 1876లోనే రాశాడురా దాన్ని. అప్పటికే రెండు రోజుల పాపని పోగొట్టుకున్న తండ్రి.

తమ్ముడు: ...ఇంకోసారి పెట్టు. ఆ చోటు వచ్చేదాకా ఏమీ మాట్లాడకు.