ముక్కులో పైపు లేకపోతే కుట్లు విడిపోతాయా?

మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎవరికైనా కడుపు ఆపరేషన్ అయిందంటే చాలు, వాళ్లింటివాళ్ల ఫోన్లకు ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చి పడుతోంది. "పేషెంటుకు ముక్కులో పైపు వేశారో లేదో చూసుకోండి. లేకపోతే కడుపు ఉబ్బి లోపలి కుట్లు విడిపోతాయి. గ్యాసంతా లాగేది ఆ పైపే. వేస్తే నష్టమేమీ లేదు, వేయకపోతే డాక్టరు నిర్లక్ష్యమే" అని అందులోని సారం. అసలే టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి వార్డులో సిస్టర్ల మీద పడుతున్నారు.

కుట్ల భయం కొత్తదేం కాదు. ఒకప్పుడు సర్జన్లే ఆ భయంతో అందరికీ ముక్కులోంచి జీర్ణాశయంలోకి ఈ పైపు (రైల్స్ ట్యూబ్ అంటారు) వేసేవారు. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2007 నాటి సమీక్ష 33 అధ్యయనాల్లోని 5240 మంది రోగులను చూసింది. పైపు అందరికీ పెట్టినా, అవసరం పడ్డవాళ్లకే పెట్టినా, పేగు కుట్టు లీకవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా పైపు లేనివాళ్ల పేగులే ముందుగా కదిలాయి.

ఇక గ్యాస్. పైపు కొన జీర్ణాశయంలోనే ఆగిపోతుంది. ఆపరేషన్ తర్వాత చిన్నపేగు కొన్ని గంటల్లో కదులుతుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. రౌండ్స్‌లో డాక్టరు "గ్యాస్ పోయిందా పెద్దాయనా?" అని అడిగేది ఆ పెద్దపేగు గురించే. అక్కడిదాకా ఈ పైపు పోనే పోదు.

నష్టం లేదన్నది మాత్రం శుద్ధ అబద్ధం. గొంతులో రాసుకుంటూ ఉంటే ఉమ్మి మింగడమే కష్టం, గట్టిగా దగ్గి కఫం తీయడం ఇంకా కష్టం. 26 అధ్యయనాలను కలిపి చూసిన 1995 నాటి విశ్లేషణలో జ్వరం, న్యుమోనియా పైపు లేనివాళ్లలోనే తక్కువ. వాంతులు, ఉబ్బరం వాళ్లకు కాస్త ఎక్కువే, అది ఒప్పుకోవాలి. కానీ తర్వాత పైపు వేయాల్సి వచ్చే ఒక్కరికి, అసలు అవసరమే రానివాళ్లు కనీసం 20 మంది.

పేగు అడ్డుపడి వచ్చినవాళ్లకు, పచ్చటి పసరు వాంతులు ఆగనివాళ్లకు పైపు కావాల్సిందే. అన్నవాహిక, జీర్ణాశయం ఆపరేషన్లలో సర్జన్ లెక్క వేరే ఉండొచ్చు. కాబట్టి ఇది చదివి ఉన్న పైపు పీకమనకండి. "ఎందుకు పెట్టారు సార్, ఎప్పుడు తీస్తారు?" అని అడగండి, చెప్తారు.