ఓటమిని ఒప్పుకునే అమెరికా ఏది?

అమెరికా పని అయిపోయిందన్న మాట వినడం ఇది మొదటిసారి కాదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలో నిలిపినప్పుడు అన్నారు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బందిని పట్టుకుని 444 రోజులు బందీలుగా ఉంచినప్పుడు అన్నారు. జపాన్ కార్ల ధాటికి డెట్రాయిట్ కంపెనీలు తల్లడిల్లిన రోజుల్లో అన్నారు. 2008లో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసినప్పుడైతే అనని వారు లేరు. ప్రతిసారీ జోస్యం చెప్పినవారే నాలిక కరచుకున్నారు. కాబట్టి స్వాతంత్ర్యం ప్రకటించుకుని 250 ఏళ్లు నిండుతున్న వేళ అదే ప్రశ్న మళ్లీ లేస్తుంటే, పాత పాటే కదా అని కొట్టిపారేయాలనిపిస్తుంది. మేం కొట్టిపారేయలేకపోతున్నాం. ఈసారి తరుగు కనిపిస్తున్నది ఖజానాలోనో, సైన్యంలోనో కాదు.

సంపద సంగతే చూడండి. ప్రపంచ ఉత్పత్తిలో అమెరికా వాటా సుమారు నాలుగో వంతు. 1980లోనూ దాదాపు అంతే. దేశాల కేంద్ర బ్యాంకులు దాచుకునే విదేశీ మారక నిల్వల్లో నేటికీ సగానికి పైగా డాలర్లే. అప్పు పెరిగిన మాట నిజం. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ దేశం రక్షణకు పెట్టిన ఖర్చు కంటే వడ్డీలకు కట్టిందే ఎక్కువ. రేటింగు సంస్థలు స్టాండర్డ్ అండ్ పూర్స్ 2011లో, ఫిచ్ 2023లో, మూడీస్ 2025లో దాని రుణ రేటింగును ఒక మెట్టు దించాయి. అయినా అంత సంపన్న దేశానికి ఇది తీర్చలేని అప్పేమీ కాదు. కొంత పన్ను పెంచి, కొంత ఖర్చు తగ్గిస్తే దారికొచ్చే లెక్క. ఆ లెక్క వేయడానికి రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చోవడం లేదు, అదీ సంగతి. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో అంత దీర్ఘమైన మూసివేత లేదు. విమానాశ్రయాల్లో కంట్రోలర్లు జీతం లేకుండా డ్యూటీ చేశారు. ఆహార సాయం మీద బతికే నాలుగు కోట్ల మందికి పైగా పేదలు నవంబరు సాయం ఎప్పుడు అందుతుందో తెలియక అల్లాడారు. డబ్బు లేక కాదు, పద్దు మీద ఏకాభిప్రాయం కుదరక.

విభేదాలు లేని అమెరికా ఎప్పుడూ లేదు. 1856 మే 22న మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ సెనేట్ సభామందిరంలో తన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నారు. అప్పటికి రెండు మూడు రోజుల కిందటే బానిసత్వాన్ని ఎండగడుతూ చేసిన ప్రసంగంలో ఆయన సౌత్ కరోలినా సెనేటర్ ఆండ్రూ బట్లర్‌ను దుయ్యబట్టారు. బట్లర్ బంధువు, ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ నేరుగా వచ్చి, చేతికర్ర ముక్కలయ్యేదాకా సమ్నర్ తల మీద బాదాడు. సమ్నర్ కోలుకుని పూర్తిగా సభకు రావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. ఆ దాడి కంటే భయం గొలిపేది తర్వాత జరిగిన తంతు. దక్షిణాది అభిమానులు బ్రూక్స్‌కు కొత్త చేతికర్రలు కానుకగా పంపారు. అతడు పదవికి రాజీనామా చేస్తే ఓటర్లు మళ్లీ అతణ్నే గెలిపించి పంపారు. మరో అయిదేళ్లకు అంతర్యుద్ధం. ఆరు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి.

ఆ యుద్ధం నుంచి కూడా అమెరికా లేచింది. ఎలా లేచిందో మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు. 1876 అధ్యక్ష ఎన్నిక ఎటూ తేలక, మళ్లీ తుపాకులు లేస్తాయేమోనన్న భయం పుట్టినప్పుడు తెర వెనక ఒక రాజీ కుదిరింది. రిపబ్లికన్ అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్‌కు అధ్యక్ష పీఠం దక్కింది. దక్షిణాది రాష్ట్రాలకు ఫెడరల్ సైన్యం కాపలా తప్పింది. ఉత్తరం, దక్షిణం చేతులు కలిపాయి. రైలు మార్గాలు పరచుకున్నాయి, ఉక్కు కొలుములు రాజుకున్నాయి, శతాబ్దం ముగిసేసరికి అమెరికా ప్రపంచంలోనే అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. మూల్యం చెల్లించింది ఆ బేరంలో చోటే లేని నల్లజాతి ప్రజలు. 1870 నాటి 15వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన ఓటు హక్కు దక్షిణాదిలో కాగితాలకే పరిమితమైంది. అది నిజంగా చేతికి రావడానికి 1965 ఓటింగ్ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే వాషింగ్టన్‌లో 'మళ్లీ ఒక్కటవుదాం' అన్న పిలుపు వినిపించినప్పుడల్లా, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టి అని అడగక తప్పదు.

ఆ 1965తో మనకూ సంబంధం ఉంది. అంతకుముందు భారతదేశం నుంచి వచ్చి స్థిరపడేవారికి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి సుమారు వంద. దేశాల వారీ కోటాలు రద్దయింది పౌరహక్కుల ఉద్యమ వేడిలోనే. ఆ అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల చెంత కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. మన డాక్టర్లు, వారి వెనక ఇంజినీర్లు వేల సంఖ్యలో విమానాలెక్కింది ఆ తలుపు తెరుచుకున్నాకే. ఓటు హక్కు కోసం నడిచి సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్న నల్లవారికి, డాలస్‌లో ఇళ్లు కొనుక్కున్న మన బంధువులు ఎంతో కొంత రుణపడి ఉన్నారు. ప్రవాస సంఘాల సభల్లో ఈ మాట ఇంకాస్త తరచుగా వినపడితే బాగుంటుంది.

ఇక దేశం చీలిపోయి ఉన్నా వ్యవస్థ నిలబడిన సందర్భాలు. 1974 జులై 24న వాటర్‌గేట్ కుంభకోణంలో అధ్యక్షుడు నిక్సన్ తన సంభాషణల టేపులు అప్పగించాల్సిందేనని సుప్రీంకోర్టు 8-0తో తేల్చింది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించిన న్యాయమూర్తులే. రెండు వారాలకు, ఆగస్టు 7న, రిపబ్లికన్ పెద్దలు బారీ గోల్డ్‌వాటర్, హ్యూ స్కాట్, జాన్ రోడ్స్ శ్వేతసౌధానికి వెళ్లి, అభిశంసన సెనేట్‌కు వస్తే గట్టెక్కేటన్ని ఓట్లు లేవని అధ్యక్షుడికి ముఖానే చెప్పారు. మర్నాడు రాత్రి నిక్సన్ రాజీనామా ప్రకటించారు. గోల్డ్‌వాటర్ మెతక మనిషేమీ కాదు. కరడుగట్టిన సంప్రదాయవాది, 1964లో ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. నిక్సన్‌ను దించింది ప్రతిపక్షం ఒక్కటే అయితే సగం దేశం దాన్ని కుట్ర అనేది. సొంత ఇంటివాళ్లు చెప్పారు కనుక అనలేకపోయింది.

2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా అధ్యక్షుణ్ని నిర్ణయించింది. సుప్రీంకోర్టు 5-4తో తిరిగి లెక్కింపును ఆపించింది. ఆ తీర్పుతో ఏకీభవించనని చెబుతూనే డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్ మర్నాడు ఓటమిని అంగీకరించారు. 2001 జనవరి 6న ఉపాధ్యక్షుడి హోదాలో ఉభయసభల సమావేశానికి తానే అధ్యక్షత వహించి, ప్రత్యర్థి గెలుపును తానే ప్రకటించారు. ఆయన తరఫు సభ్యులే అభ్యంతరాలు లేవనెత్తితే, సెనేటర్ సంతకం లేనిదే చెల్లవంటూ ఒక్కొక్కటిగా తోసిపుచ్చారు.

సరిగ్గా ఇరవై ఏళ్లకు అదే తేదీన, అదే క్యాపిటల్ భవనంపై, ఓటమి ఒప్పుకోని అధ్యక్షుడి మద్దతుదారులు చేసిన దాడిని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అంతకు నాలుగు రోజుల ముందు డొనాల్డ్ ట్రంప్, ఎన్నికల వ్యవహారాలు చూసే జార్జియా రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కు ఫోన్ చేశారు. ఆ రాష్ట్రంలో జో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లు. తనకు 11,780 ఓట్లు వెతికి పెట్టాలన్నది అధ్యక్షుడి కోరిక. రాఫెన్స్‌పెర్గర్ రిపబ్లికనే. మీ దగ్గరున్న సమాచారం తప్పని ఆయన ఫోన్లోనే చెప్పేశారు. జార్జియా ఓటర్లు 2022లో ఆయనను మళ్లీ గెలిపించారు కూడా. గోల్డ్‌వాటర్ల వంశం పూర్తిగా అంతరించలేదన్నమాట. కానీ పలచబడింది. క్యాపిటల్ దాడిపై అభిశంసనలో 57 మంది సెనేటర్లు ట్రంప్‌ను దోషి అన్నా, కావలసిన 67 రాలేదు. ఆయనను ఎదిరించిన ప్రతినిధుల సభ సభ్యురాలు లిజ్ చెనీని వయోమింగ్‌లో సొంత పార్టీ ఓటర్లే ఇంటికి పంపారు. తిరిగి గద్దెనెక్కిన 2025 జనవరి 20నే ట్రంప్ ఆ దాడి కేసుల్లోని సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టారు. బ్రూక్స్‌కు అందిన చేతికర్రలు గుర్తుకు రాక మానవు.

అలాగని ట్రంప్‌కు ఓటేసినవారిని మూర్ఖులని తేల్చేయడం మాకు సమ్మతం కాదు. ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ కథ తెలిస్తే ఎవరికైనా నోరు రాదు. మహోనింగ్ నది ఒడ్డున మైళ్ల పొడవునా ఉక్కు మిల్లులుండేవి. 1977 సెప్టెంబరు 19, సోమవారం నాడు యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ మిల్లును మూసేస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 5,000 ఉద్యోగాలు పోయాయి. ఊరివారు నేటికీ ఆ రోజును 'నల్ల సోమవారం' అనే అంటారు. తర్వాత మిగతా మిల్లులూ అదే దారి పట్టాయి. 1950లో 1.68 లక్షలున్న జనాభా 2020 నాటికి 60 వేలు. ఉక్కు కార్మికుల యూనియన్లు నెత్తీనోరూ కొట్టుకున్నా, మెక్సికో, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నఫ్టాను కాంగ్రెస్‌లో గట్టెక్కించింది డెమోక్రాట్ బిల్ క్లింటన్. ఓట్లేసి మోసింది ఎక్కువగా రిపబ్లికన్లు. 2008లో బ్యాంకులను నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్లు మంజూరు చేయడానికి రెండు పార్టీలకూ చేతులొచ్చాయి. 2017 జులైలో ట్రంప్ ఆ ఊరికి వచ్చి, ఉద్యోగాలన్నీ తిరిగొస్తున్నాయి, ఇళ్లు అమ్ముకోవద్దు అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే పొరుగున లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. అయినా 2020లో మహోనింగ్ కౌంటీ ఆయన వైపే మొగ్గింది. 1972 తర్వాత అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలవడం అదే మొదలు. మాట తప్పినవాడి మీద కోపం కంటే, తమను మరిచిపోయినవారి మీద కోపం పెద్దదైందని మా అంచనా.

ఇలాంటి కోపాన్ని అమెరికా ఒకసారి చల్లార్చుకోగలిగింది. 1933లో ఆ దేశంలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. పల్లెల్లో పది పొలం ఇళ్లుంటే సుమారు తొమ్మిదింటికి కరెంటు లేదు. గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు తీగలు లాగలేదు. 1936 గ్రామీణ విద్యుదీకరణ చట్టంతో రైతులే సహకార సంఘాలు పెట్టుకుని, తక్కువ వడ్డీకి ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో స్తంభాలు పాతుకున్నారు. రెండు దశాబ్దాల్లో దాదాపు ప్రతి పొలం ఇంటికీ దీపం వచ్చింది, నాటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను తిట్టిపోసినవారి ఇళ్లతో సహా. ఆ సంస్కరణలకూ మచ్చ ఉంది. 1935 సామాజిక భద్రతా చట్టం పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని వదిలేసింది. దక్షిణాదిలో ఆ పనులు చేసింది ఎక్కువగా నల్లవారే.

నేటి డెమోక్రాట్లు సుద్దపూసలేమీ కారు. కొడుక్కు క్షమాభిక్ష పెట్టనని పదేపదే చెప్పిన బైడెన్ 2024 డిసెంబరు 1న పెట్టేశారు. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు జనగణనతో పని లేకుండానే నియోజకవర్గాల హద్దులు తిరగరాసి అయిదు సీట్లు పెంచుకోబోతే, కాలిఫోర్నియా డెమోక్రాట్లు నవంబరులో ఓటర్ల ఆమోదం తీసుకుని అదే పని చేశారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. హద్దులు మార్చుకోవడం, ఎన్నిక ఫలితాన్నే తిరగేయబోవడం ఒక స్థాయి నేరాలు కావు. కానీ వాళ్లు చేశారు కనుక మేమూ అనే వాదానికి ఎక్కడా అడ్డుకట్ట ఉండదు. 2024 జులైలో పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో ట్రంప్‌పై కాల్పులు, 2025 జూన్‌లో మినెసోటా డెమోక్రాట్ శాసనసభ్యురాలు మెలిస్సా హార్ట్‌మన్ హత్య, సెప్టెంబరులో యూటాలో ట్రంప్ మద్దతుదారు చార్లీ కిర్క్ హత్య... చచ్చింది ఎవరి మనిషో చూసుకుని కన్నీళ్లు పెట్టుకునే దశకు ఆ సమాజం వచ్చింది.

ఇదంతా చూసి చంకలు గుద్దుకునేవారు మన దగ్గరా ఉన్నారు. వారు భీమవరం రొయ్యల రైతును కలిసి మాట్లాడితే మంచిది. మన దేశపు రొయ్యల ఎగుమతిలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో భారత సరుకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. వెనువెంటనే సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఈ రెంటిలో ఏదీ అమెరికా చట్టసభలో చర్చించి, ఓటేసి తెచ్చింది కాదు. రెండూ ఒక్క సంతకంతో వచ్చినవే. చట్టసభ ఏమీ తేల్చలేని స్థితికి చేరితే అధికారమంతా ఒక కలం మొనకు చేరుతుంది. ఆ కలం రేపు ఎవరి చేతిలో ఉంటుందో, ఏం రాస్తుందో తెలియక అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దాకా గుబులు.

అమెరికా కోలుకుంటుందా అంటే, కోలుకోవడానికి కావలసినవన్నీ దానికి ఇప్పటికీ ఉన్నాయనే మేమంటాం. రెండు వర్గాలూ మనసులు మార్చుకుని కౌగిలించుకునే దాకా ఆగనక్కర్లేదు, 1974లోనూ కౌగిలించుకోలేదు. రిపబ్లికన్ పార్టీలో తమ నాయకుడికి కాదని చెప్పే నలుగురైదుగురు పెద్దలు, చెప్పినందుకు వారిని శిక్షించని ఓటర్లు కావాలి. డెమోక్రాట్లు యంగ్స్‌టౌన్ లాంటి ఊళ్లకు ప్రసంగాలు కాదు, కంటికి కనిపించే పని పట్టుకెళ్లాలి. 2026 నవంబరు 3న జరగాల్సిన మధ్యంతర ఎన్నికల్లో ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడో వంతుకూ పోలింగ్. చాలా రాష్ట్రాల్లో ఓట్లు లెక్కించేది కౌంటీ స్థాయి అధికారులు. వారిలో చాలామందికి 2020 తర్వాత బెదిరింపులు వచ్చాయి. సభ ఎవరి చేతికి వస్తుందన్నది వార్తా సంస్థలు ఎలాగూ చెబుతాయి. స్వల్ప తేడాతో పోగొట్టుకున్నవారిలో ఎంతమంది ఫోన్ తీసి గెలిచినవారిని అభినందిస్తారో, ఎంతమంది మోసం జరిగిందంటూ మైకు ముందుకు వస్తారో మేం లెక్క పెట్టదలచుకున్నాం.