కొబ్బరినూనెకు శీలపరీక్ష

బెజవాడలో పెళ్లి సంబంధానికైనా ఇంత విచారణ జరగదు. "ఇది వర్జినేనా?" అని మా ఆవిడ నిలదీసింది. కొట్టతను తల దించుకున్నాడు. సీసా మాత్రం నిబ్బరంగా నిలబడింది.

పూర్వం మనకు కొబ్బరినూనె ఒకటే, తలకు రాసుకునేది. ఇప్పుడు గోత్రం చెప్పాలి. పచ్చికొబ్బరి పాల నుంచి, రసాయనాల జోలికి పోకుండా తీస్తే వర్జిన్. మా అమ్మమ్మ ఆ పాలనే ఇత్తడి గిన్నెలో నీరింకేదాకా కాచేది. నూనె పైకి తేలేది, అడుగున ఎర్రగా వేగిన ముద్ద మిగిలేది. దానికి పంచదార అద్దుకుని తినడానికి మేం కొట్టుకునేవాళ్లం. పాపం పిచ్చిది, దాని రేటు తెలియక సీసాలు ఊరంతా పంచింది.

ఎండుకొబ్బరి వంశం వేరు. పచ్చికొబ్బరిలో సుమారు సగం నీళ్లే. ఆ తేమ ఆరు శాతం దగ్గరికొచ్చేదాకా ఎండబెట్టి గానుగాడతారు. మా వీధి చివర గానుగ కొట్టు బోర్డు మీద ఎద్దుంటుంది, లోపల మోటారుంటుంది. "ఎద్దేదయ్యా?" అన్నాను. "బోర్డు మీదుందిగా సార్!" అన్నాడు. నిజమే, నేనే సరిగ్గా చూడలేదు.

ఇక రిఫైన్డ్. మిల్లు నూనెకు రంగు పోవడానికి ఒకరకం మట్టి, వాసన పోవడానికి 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి. పుట్టింటి ఆనవాలు ఒక్కటీ మిగలదు. ఇంత సన్యాసం ఇప్పించాక, తలనూనెగా అమ్మేటప్పుడు కొందరు మల్లెల వాసన కలుపుతారు!

అసలిది తలకా, నోటికా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చిన్న సీసాలో పోసినంత మాత్రాన స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనె అయిపోదని 2024 డిసెంబరులో తేల్చారు. పన్నుల గొడవ లెండి.

మా ఇంటి ధర్మాసనం తీర్పు వేరు: గడ్డకడితేనే అసలుది. 24 డిగ్రీల దగ్గర రిఫైన్డూ గడ్డకడుతుందని చెప్పే ధైర్యం నాకు లేదు. బెజవాడ మే నెలలో ఆ చలి ఎక్కడ దొరుకుతుంది? అందుకని మా ఆవిడ వర్జినూ, రిఫైన్డూ రెండూ తెచ్చి చెరో గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లారేసరికి రెండూ తెల్లగా పేరుకున్నాయి.

మధ్యాహ్నం మా బావమరిది వచ్చాడు. ముద్దపప్పు, ఆవకాయ వడ్డించుకుని, ఫ్రిజ్‌లోంచి తనే ఒక గిన్నె తీసుకుని చెంచాడు వేసుకున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక గంభీరంగా అన్నాడు.

"బావగారూ, ఈ నెయ్యి కల్తీదండీ. వాసనే లేదు."