పిన్ను పెట్టాలా వద్దా: వీరగల్లు మీద మా ఆయనకీ మా తమ్ముడికీ పడిన వాదోపవాదం

ముందు సంగతి చెప్తా. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, శనాదివారాలు వస్తే బ్యాగు తగిలించుకుని గుట్టలెక్కే రకం. మా ఆయన సర్వేయర్, వారమంతా గట్లమీద తిరిగేవాడికి ఆదివారం కూడా గుట్టలేంటి అని గొణిగే రకం. అయినా మొన్న ఇద్దరూ కలిసి నల్లమల అంచునున్న ఒక ఊరివైపు వెళ్ళారు. వంక దాటాక కంపచెట్ల మధ్యలో ఒక రాతిపలక పక్కకి ఒరిగి, అడుగుభాగం మట్టిలో కూరుకుపోయి కనపడింది. వీరగల్లు, అంటే పోరాటంలో చచ్చిపోయినవాడి గుర్తుగా పాతిన రాయి. దాని పక్కనే ఎవరో తవ్వి వదిలేసిన గుంట, గుంట అంచున ఎండిపోయిన నిమ్మకాయలు, కాస్త కుంకుమ. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరికీ ఒకటే గొడవ, దాని లొకేషన్ అందరికీ తెలిసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలని వాడు, పెట్టకూడదని ఈయన. విన్నది విన్నట్టు రాస్తున్నా, నా మాటలు బ్రాకెట్లలో. ఊరు పేరు మాత్రం అడక్కండి, గొడవంతా దానిమీదే కదా.

తమ్ముడు: బావా, మ్యాప్‌లో పిన్ను పెట్టి నాలుగు ఫొటోలు వేస్తే ఏమవుద్ది చెప్పు? చరిత్ర తెలిసినవాళ్ళు చూస్తారు, ఇది ఏ కాలందో చెప్తారు. ఇప్పుడెవరికి తెలుసు అది అక్కడుందని?

మా ఆయన: గుంట తవ్వినోడికి తెలుసుగా.

తమ్ముడు: అదే నేననేది! దొంగలకి ముందే తెలుసు, తెలియంది మంచోళ్ళకే. నువ్వు దాచేది ఎవరి దగ్గర మరి?

మా ఆయన: ఆ గుంట తవ్వింది ఒక గ్యాంగు, వచ్చారు, ఏం దొరక్క పోయారు. నువ్వు పిన్ను పెడితే పది గ్యాంగులొస్తాయి. వీరగల్లు కింద బంగారం ఉంటుందని ఎవడు పుట్టించాడో గానీ, నేను చూసినంతలో ఏ పాత రాయి పక్కన చూడు, మోకాల్లోతు గుంట లేకుండా ఉండదు. చచ్చిపోయినోడి గుర్తుకి పాతిన రాయిరా అది, బ్యాంకు లాకరు కాదు. శ్రీకాకుళంలో చూళ్ళేదా, 2022 మే నెలలో తుఫానుకి సున్నాపల్లి దగ్గర సముద్రంలోంచి రథం లాంటిది కొట్టుకొచ్చింది, పైన బంగారు రంగు వేసుంది అంతే, ఫోన్లలో వీడియో తిరిగేసరికి అది బంగారు రథం అయిపోయింది, ఊళ్ళకూళ్ళు ఎగబడ్డాయి.

తమ్ముడు: ఎగబడ్డారు సరే, ఎవడన్నా ఎత్తుకుపోయాడా? తాళ్ళు కట్టి ఒడ్డుకి లాగింది ఆ జనమే, తర్వాత పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. అంతమంది చూశారు కాబట్టే ఎవడూ ఏం చెయ్యలేకపోయాడు. ఎవరూ లేనప్పుడు కొట్టుకొచ్చుంటే ముక్కలు చేసి పాత ఇళ్ళకి దూలాలేసుకునేవాళ్ళు.

(ఈ ఒక్కటీ వాడికి పడింది అనిపించింది నాకు. మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు.)

మా ఆయన: రథం సంగతి వదిలెయ్, అది ఇయ్యాళ్టి చెక్క. పాతదే చెప్తా, అమరావతి బౌద్ధస్తూపం. 1797లో మెకంజీ అనే బ్రిటిష్ సర్వేయరు వచ్చి చూశాడు, అప్పటికే జమీందారు మనుషులు దిబ్బని తవ్వి రాళ్ళు లాగేస్తున్నారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి మధ్యలో స్తూపం ఉండాల్సిన చోట చెరువుకని తవ్విన గొయ్యి. ఆ తర్వాత తెలిసినకొద్దీ తెలిసినవాళ్ళంతా వచ్చి తలో ముక్కా పట్టుకుపోయారు. ఇప్పుడు మంచి పలకలు చూడాలంటే చెన్నైకో లండన్‌కో పోవాలి. బ్రిటిష్ మ్యూజియంలోనే 120కి పైగా ఉన్నాయి. లోకానికంతా తెలియడం వల్ల అమరావతికి మిగిలింది ఏంటి మరి?

తమ్ముడు: బావా, నువ్వు కథ సగం నుంచి చెప్తున్నావ్. సున్నం కోసం కాల్చినవాటి సంగతేంటి? ఆ పలకలు సున్నపురాయి, బట్టీలో వేస్తే సున్నం. అలా పోయినవాటికి బొమ్మ లేదు, లెక్క లేదు, ఏ మ్యూజియంలోనూ లేవు. వాటిని కాల్చినవాడు దొంగ కూడా కాదు పాపం, అది ఏంటో చెప్పేవాడు లేక మామూలు రాయనుకుని కాల్చాడు. మెకంజీ మనుషులు బొమ్మలు గీసి పెట్టారు కాబట్టే తర్వాత పోయినవి కూడా ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తోంది. లండన్‌లో ఉన్నదాన్ని తిరిగి ఇవ్వమని అయినా అడగొచ్చు, గోడకి వేసిన సున్నాన్ని ఎవర్ని అడుగుతావ్?

మా ఆయన: అంటే ఎత్తుకుపోయినా పర్లేదంటావా?

తమ్ముడు: అన్లేదు. తెలియకపోవడం వల్ల పోయింది ఎక్కువ అంటున్నా. మన రాయినే చూడు, వంక మీద కల్వర్టు కట్టేటప్పుడు ఏ కాంట్రాక్టరో జేసీబీతో ఎత్తి అడుగున వేసేస్తాడు, చదునుగా ఉంది కదా అని. ముడుమాల్ తెలుసుగా, నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున, మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్ళు. పొలాలు చదును చేసుకోడానికి రైతులు ఎన్ని పీకేశారో. మిగిలినవాటి గురించి ఏళ్ళ తరబడి అరిచి అరిచి చెప్తే 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. గుట్టుగా ఉంచుంటే ఇవాళ అక్కడ కందిచేను ఉండేది.

మా ఆయన: అక్కడ అరిచినవాళ్ళు పిన్ను పెట్టి ఊరుకోలేదురా, ఏళ్ళ తరబడి ఆ ఊరికి తిరిగారు, కొలతలు తీశారు, ఊరివాళ్ళతో మాట్లాడారు. పైగా ఆ రాళ్ళని ఊళ్ళో నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు, కొన్నయినా నిలబడింది ఆ భయంతో. నువ్వు ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి బస్సెక్కేశావ్. నీ పోస్టు చూసి వచ్చినోడు రాయి మీద సుద్ద రుద్దుతాడు అక్షరాలు తెల్లగా కనపడాలని, ఇంకోడు నూనె పోస్తాడు, మూడోవాడు ఎనామిల్ పెయింట్ వేసి పోలేరమ్మ అంటాడు. ఆ అక్షరాలు ఎంత పల్చగా ఉన్నాయో నువ్వే చూశావుగా.

(ఆ అక్షరాల సంగతి ఇక్కడ చెప్పాలి. పలక మీద మెట్లు మెట్లుగా మూడు బొమ్మలట. కింద కత్తెత్తిన మనిషి, ఎడమ చేతిలో డాలు, మోకాళ్ళ కిందంతా మట్టిలోనే ఉంది. మధ్యలో అతన్నే ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులేసి పైకి తీసుకెళ్తున్నారు, అప్సరసలన్నమాట. పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నాడు, నంది ఉంది, అన్నిటికంటే పైన సూర్యుడూ చంద్రుడూ. మధ్యాహ్నం ఎండలో చూస్తే అంతే. మా తమ్ముడు ఫోన్ టార్చిని రాయికి ఆనించినట్టు పక్కనుంచి వేస్తే, రెండు బొమ్మల మధ్య పట్టీలో గీతలన్నీ నీడలు తిరిగి వరస కట్టాయట, రెండు వరసల అక్షరాలు. ఆ ఫొటో నాకూ చూపించాడు. ఒక్కటీ చదవలేకపోయాను గానీ ఎవరో ఉలితో పనిగట్టుకుని చెక్కినవని మాత్రం తెలుస్తోంది.)

తమ్ముడు: చదివేవాళ్ళ కళ్ళబడాలనేగా నేను పెడతానంటోంది! అశోకుడి శాసనాలు ఎవరికి దొరికాయి చెప్పు. కర్ణాటకలోని మస్కిలో 1915లో బంగారం గనుల ఇంజినీరు బీడన్‌కి దొరికింది, బంగారం కోసం తిరిగేవాడికి. అశోకుడు అనే పేరు అతని శాసనాల్లో మొదటిసారి కనపడింది అందులోనే, అంతకుముందు దొరికినవాటిల్లో దేవానాంపియ అని బిరుదే ఉండేది. మన జొన్నగిరి దగ్గర ఎర్రగుడి శాసనాలు 1929లో ఒక జియాలజిస్టు చూసి చెప్పాడు. ఇద్దరూ శాసనాలు వెతుక్కుంటూ పోయినవాళ్ళు కాదు, నాలాగే తిరుగుతూ పోయి చూసి నోరు విప్పినవాళ్ళు.

మా ఆయన: ఎవరి దగ్గర విప్పారు నోరు? ఊరందరికీ దండోరా వేశారా? సంబంధించినవాళ్ళకి చెప్పారు. నేను చెప్పేదీ అదే. జొన్నగిరి పేరు నువ్వే ఎత్తావ్ కాబట్టి చెప్తున్నా, తొలకరి పడితే చాలు ఆ పొలాల్లో వజ్రాల కోసం ఎంతమంది దిగుతారో తెలుసా, తుగ్గలి, పత్తికొండ చుట్టుపక్కలంతా, ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుడిసెలేసుకుని మరీ. ఒకరికి దొరికిందని పేపర్లో పడితే మర్నాటికి రైతు విత్తనమెయ్యడానికి చోటుండదు. మాట పాకితే జనం ఎట్లా వస్తారో చూసినవాణ్ణి నేను.

తమ్ముడు: ఆఫీసుకి చెప్పి కూర్చుంటే అయిపోద్దా? అర్జీ ఇస్తావ్, ఒక గుమాస్తా తీసుకుంటాడు, అది ఏ ఫైల్లోనో పడుకుంటుంది. గవర్నమెంట్ ఉద్యోగివి, నీకు నేను చెప్పాలా?

(ఇద్దరూ నవ్వారు ఇక్కడ. నవ్వాల్సిన మాటేం కాదు.)

మా ఆయన: పడుకుంటే నాలుగుసార్లు తిరిగి లేపాలి. చట్టం ఉందిరా. భూమిలో దాగి ఉన్నది పది రూపాయలకి మించి విలువైంది దొరికితే కలెక్టరుకి చెప్పాలి, 1878 చట్టం, చెప్పకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు. మనది నేలమీదే నిలబడింది కాబట్టి దానికిందికి రాకపోవచ్చు, కానీ నూరేళ్ళు దాటిన శిల్పం కాబట్టి 1972 పురావస్తువుల చట్టం పడుతుంది, ఎవడో వచ్చి అమ్ముకోడానికి వీల్లేదు. కాగితం మీద దాని కొలతలు, ఫొటో, సర్వే నంబరు ఉన్నాయనుకో, రేపు మాయమైతే ఇది ఫలానా చోటిది అని పట్టుకునే ఆధారం అది. కాగితమే లేకపోతే అది ఎక్కడిదని కేసు పెడతావ్?

తమ్ముడు: ఆధారం నా పోస్టు కూడా అవుద్దిగా, తేదీతో సహా.

మా ఆయన: అవుద్ది. దొంగకి అడ్రసు కూడా అవుద్ది.

తమ్ముడు: సరే, పిన్ను వద్దు. ఫొటో ఒక్కటే పెడతా, ఊరు పేరు రాయను. ఫొటోలో లొకేషన్ కూడా తీసేసే పెడతాలే, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే జీపీఎస్ అందులోనే ఉండిపోద్దని నాకు తెలుసు.

మా ఆయన: వెనక ఆ రెండు మూపురాల గుట్ట, పక్కన సెల్ టవరు కనపడుతున్నాయి, ఆ మండలంలో పశువులు కాసే పిల్లోడు కూడా చెప్పేస్తాడు ఏ వంకో.

తమ్ముడు: అయితే ఎత్తి ఊళ్ళోకి తెద్దాం బావా. బడి ఆవరణలో నిలబెడదాం, చుట్టూ సిమెంటు గట్టు కడదాం, పిల్లలు చూస్తారు. నాగార్జునకొండలో కట్టడాలకి కట్టడాలే కొండ మీదికి చేర్చలేదా? శ్రీశైలం నీళ్ళొస్తాయని కూడవెల్లి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో పేర్చలేదా?

మా ఆయన: అక్కడ నీళ్ళు మీదికొచ్చాయిరా, గతిలేక జరిపారు, జరిపేముందు ప్రతి రాయికీ నంబరు వేశారు. ఇక్కడేం ముంచుకొచ్చింది? ఆ మనిషి ఎందుకు చచ్చాడో మనకి తెలీదు, ఆవుల మందని తోలుకుపోయే దొంగలకి అడ్డుపడ్డాడో, ఊరి పొలిమేర కోసం కొట్టుకున్నాడో. అది ఆ వంక పక్కనే ఉండటంలో ఏదో ఉంది. హద్దు రాయి పీకి ఇంకోచోట పాతితే అది రాయే గానీ హద్దు కాదు, ఇదీ అంతే. రేపు చదివేవాడికి అక్షరాలు ఎంత ముఖ్యమో ఎక్కడ నిలబడిందనేదీ అంతే ముఖ్యం. తాళ్ళు కట్టి ట్రాక్టరుకి లాగితే ఆ పలక నిలువునా చీలుద్ది కూడా, ఒక మూల పగులు చూశావుగా.

తమ్ముడు: ఏదీ ఒప్పుకోవు. పెట్టొద్దు, తేవొద్దు. బెలూం గుహలు గుర్తుందా? 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ జియాలజిస్టు రాసిపెట్టాడు, తర్వాత వందేళ్ళు ఎవరికీ పట్టలేదు, చుట్టుపక్కలవాళ్ళు చెత్త పోసుకున్నారు. 1980ల్లో జర్మనీ వాళ్ళొచ్చి లోపల కొలిచి మూడు కిలోమీటర్లకి పైగా ఉందన్నాక కదా మనవాళ్ళకి కళ్ళు తెరుచుకుంది, చెత్త తీశారు, లైట్లు పెట్టారు, 2002 నుంచి టికెట్ కొనుక్కుని వెళ్తున్నాం. నలుగురికీ తెలిస్తేనే బాగుపడింది.

మా ఆయన: గుహని ఎవడూ డిక్కీలో వేసుకుపోలేడు.

(దీనికి నేను కూడా నవ్వాను, తమ్ముడు నావైపు కోపంగా చూశాడు. అప్పుడు నేను అడిగా, ఇంతకీ ఊళ్ళోవాళ్ళు ఏమన్నారు అని. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మేకలు తోలుకుంటూ ఒక పెద్దామె కనపడిందట, ఆ రాయేంటమ్మా అని అడిగితే, మా ఈరన్న కదా, దీపావళికి నూనె పెడతాం అందట. ఇద్దరూ ఫొటోలో నిమ్మకాయల్ని చూపించి దొంగలు దొంగలు అంటున్నారు, ఆ కుంకుమ ఆమె పెట్టిందేమో అని ఒక్కడికీ తట్టలేదు. గుంట మాత్రం ఆమెది కాదనుకుంటా.)

తమ్ముడు: చూశావా, అయితే నూనె పోసేది ఆ ఊరివాళ్ళే. నేను పోస్టు పెట్టినా పెట్టకపోయినా పోస్తారు.

మా ఆయన: పొయ్యనీ. ఆ నూనె పోసేవాళ్ళే కదా ఇన్నాళ్ళూ దాన్ని కల్వర్టుకి వెయ్యనివ్వంది. నువ్వు కనిపెట్టావని ఎగురుతున్నావ్ గానీ ఆమెకి ముందే పేరుతో సహా తెలుసు.

తమ్ముడు: సరే, అర్జీ నువ్వే రాయి. పురావస్తు శాఖకి ఒకటి, కలెక్టరాఫీసుకి ఒకటి. రసీదు తీసుకో, అడగడానికి మొహమాటపడకు. ఉగాది దాకా చూస్తా. ఎవరూ రాకపోతే పెట్టేస్తా, పిన్నుతో సహా.

మా ఆయన: ఉగాది దాకా కాదు, వాళ్ళ మనిషి వచ్చి అచ్చు తీసేదాకా. తడి కాగితం వేసి బ్రష్‌తో కొట్టి సిరా అద్దితే అక్షరాలన్నీ కాగితం మీదికొస్తాయి, అదొకటి అయిపోయిందంటే ఆ తర్వాత రాయికేమైనా మాట మిగులుతుంది. అప్పుడు నువ్వు పెట్టుకో, నేను అడ్డం రాను. కానీ ముందు ఆ పెద్దామెని అడగాలి.

తమ్ముడు: ఆమె వద్దంటే?

మా ఆయన: వద్దంటే వద్దు.

తమ్ముడు: అదెట్లా బావా? రాయి ఆమె సొంతం కాదు కదా, శాసనం అందరిదీ.

మా ఆయన: అందరిదీ అంటే ఆమెది కూడానే.

(ఇంకా నడుస్తోంది. మొదటి అర్జీ మాత్రం రాసేశారు, నా చేతిరాత బాగుంటుందని నాచేతే రాయించారు. సర్వే నంబరు దగ్గర మళ్ళీ ఆగారు, రాయాలా జతపరిచే కాగితంలో విడిగా పెట్టాలా అని. నేను విడిగానే పెట్టాను.)