ప్రింటర్ పాతబడలేదు, సీడీయే పాతబడింది

విండోస్ 11 కంప్యూటర్ కొన్న ఇంట్లో మొదట మూలకు చేరేది ప్రింటరే. "డ్రైవర్ రాదండీ, కొత్తది తీసుకోండి" అని షాపువాళ్లు తేల్చేస్తారు. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య దుబాసీలాంటి ప్రోగ్రాం. గుంటూరు బ్రాడీపేట జిరాక్స్ షాపుల్లో చూడండి: కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి ఇంకా కాగితాలు కక్కుతూనే ఉంటాయి. 12ఏ టోనర్ (సిరా పొడి డబ్బా) రెండింటికీ పడుతుంది, బజారులో ఇప్పటికీ దొరుకుతుంది. మరి చెడిందేమిటి?

ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ. పాత సీడీల్లో కొన్నిటి సెటప్ ఫైలు 16 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లో అది కదలనే కదలదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, అంతా 64 బిట్టే. అందుకని సెటప్‌ను నొక్కి విసుగెత్తిపోకుండా సీడీ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, 64 బిట్ డ్రైవర్లుండే ఎక్స్64 లేదా ఏఎండీ64 అనే ఫోల్డర్ ఉందేమో వెతకండి. ఉంటే ప్రింటర్‌ను చేత్తో యాడ్ చేస్తూ, 'హ్యావ్ డిస్క్' దగ్గర అందులోని ఐఎన్‌ఎఫ్ ఫైలు చూపిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. లేకపోతే ఆ సీడీతో ఇక పనిలేదు, కంపెనీ సైటే గతి. కేబుల్‌ను వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే 'కాపీ 1' అని రెండో ప్రింటర్ పుట్టి, మొదటిది ఆఫ్‌లైన్ అయిపోతుంది. ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ తెరిచి సరైన యూఎస్‌బీ పోర్టుకు టిక్కు పెడితే చాలు. దీన్ని కూడా 'ప్రింటర్ పోయింది' ఖాతాలో రాసేస్తున్నారు!

అసలు కిటుకు ప్రింటర్ లోపల ఉంది. ధర తగ్గించడానికి ఈ రకం యంత్రాల్లో పేజీని తయారుచేసే పనిని కంప్యూటర్ నెత్తిన పెట్టారు. 1020 అయితే మరీ అన్యాయం: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాంను, డ్రైవరే మళ్లీ పంపాలి. అంటే మనం కొన్నది సగం యంత్రమే, మిగతా సగం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

పాత డ్రైవర్లు ప్రమాదమనే వాదనలో నిజం లేకపోలేదు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం విండోస్ ప్రింటింగ్ వ్యవస్థనే వణికించింది. కంపెనీల డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ తలుపు క్రమంగా మూస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో చెప్పడానికీ భద్రతే ఒక కారణం. సరే, మూయండి. కానీ తాళంచెవి కొన్నవాడికివ్వండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ల లారీకి పార్టు దొరక్కపోతే లేత్ మీద తీసి బిగిస్తారు. మరి ప్రింటర్ డ్రైవర్‌ను ఏ లేత్ మీద తియ్యాలి? తియ్యగలరని లైనక్స్ (విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే వ్యవస్థ) వాళ్లు చూపించారు. 1020 మాట్లాడే భాషలో బయటివాళ్లే ఫూ2జెడ్‌జెఎస్ అనే డ్రైవర్ రాశారు. పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, ఆ డ్రైవర్‌తో కప్స్ అనే ప్రింటింగ్ ప్రోగ్రాం ద్వారా ప్రింటర్‌ను షేర్ చేస్తే విండోస్ 11 నుంచీ ప్రింటు తీయవచ్చు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు చెత్తను రీసైకిల్ చేసే బాధ్యతను తయారీదారుపై పెట్టాయి. బతికున్న యంత్రం చెత్త కాకుండా ఆపే బాధ్యత కూడా పెట్టాలి. సోర్స్ కోడ్ అంతా అడగక్కర్లేదు. డ్రైవర్ ఆపేసిన రోజున, ప్రింటర్ ఏ ఆదేశానికి ఏం చేస్తుందో చెప్పే పత్రం, ఫర్మ్‌వేర్ ఫైలును పంచుకునే అనుమతి ఇస్తే మిగతా పని చేసేవాళ్లు ఉన్నారు.