కాక్టస్‌కు మర్యాదలు వద్దు

విజయవాడ పౌరుల దృష్టికి ఒక తీవ్రమైన విషయం తీసుకురావలసి వస్తోంది. మన బాల్కనీల్లో కాక్టస్‌లు చనిపోతున్నాయి. ఎండదెబ్బకు కాదు. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మనుషులు వాడిపోతారు గానీ, ఆ మొక్కకు అదొక లెక్క కాదు. తిండి చాలక అంతకన్నా కాదు. అవి పోతున్నది మన మర్యాద వల్ల.

ఇందులో తప్పంతా మనదే అనలేం. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పోతాయి. ఇన్ని తరాలుగా నీళ్లు పారిన చోట పుట్టినవాడికి మొక్క కనబడగానే చెయ్యి చెంబు మీదికి పోవడం సహజం. పల్నాడు మెట్ట రైతయితే ఈ బాధ అర్థం చేసుకునేవాడేమో. సాగర్ కుడి కాలువ వచ్చాక అక్కడి అలవాట్లు కూడా పాడయ్యాయని వినికిడి.

కాక్టస్ పుట్టిల్లు అమెరికా ఖండాలు. పగలు ఒంటి మీది సన్నటి రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరిచి గాలి పీలుస్తుంది. వేసవిలో మనం షాపింగుకు వెళ్లే వేళలే దానివీను. ఇంత తెలివైన జీవిని నర్సరీలో అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కుండీలో, ముద్దలాంటి కొబ్బరిపొట్టులో నాటి, పైన రంగురాళ్లు పేర్చి మనకు అంటగడతారు. ఆ కొబ్బరిపొట్టు తడిసిందంటే ఒక పట్టాన ఆరదు, ఎండిందంటే ఒక పట్టాన తడవదు. అందుకే ఇంటికి తెచ్చాక కుండీ మార్చాలి. అసలు రాజకీయం ఇక్కడే మొదలవుతుంది.

ముందు వాస్తు. ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదని మూడో అంతస్తు బాబాయిగారు తీర్పు చెప్పారు. గులాబీకీ ముళ్లున్నాయి కదండీ అంటే, అది పూలమొక్క అన్నారు. నిమ్మకో అంటే, అది పచ్చడి అన్నారు. మారేడుకూ ముళ్లున్నాయని గుర్తుచేస్తే, "దేవుడి దగ్గర వాదనలేంటయ్యా" అని లిఫ్టు ఎక్కేశారు. దీన్నిబట్టి పూజకు గానీ పొయ్యికి గానీ పనికొచ్చే ముల్లుకు వాస్తు వర్తించదని మేము అర్థం చేసుకున్నాం.

తర్వాత మట్టి. గుంటూరు చుట్టూ ఉన్న నల్లరేగడి పత్తికి బంగారం, కాక్టస్‌కు మాత్రం సమాధి. తడి పట్టుకుందంటే వదలదు. దీనికి సగానికి సగం ముతక ఇసుక ఉండాలి, మిగతాది తోటమట్టి, కాస్త వర్మీకంపోస్టు. రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం 2024 జూలైలో మొదలైంది గానీ, అందులో రెండు గిన్నెల ఇసుక ఎలా అడగాలో మాకు తోచలేదు. కాబట్టి పక్క వీధిలో కడుతున్న అపార్టుమెంటుకు వెళ్లాం. ప్లాస్టరింగు కోసం ఇసుక జల్లిస్తున్నారు. మెత్తటిది కింద పడుతోంది, గరుకు, చిన్న చిన్న రాళ్లు జల్లెడ మీద మిగులుతున్నాయి. మనకు కావలసింది ఆ మిగిలిందే. మెత్తటి ఇసుక వేస్తే కుండీ అడుగు బెజ్జం పూడిపోయి నీళ్లు నిలుస్తాయి.

"అది పారబోసేది సార్, మంచిది ఇస్తాను పట్టుకెళ్లండి" అన్నాడు మేస్త్రీ.

"వద్దు, ఆ పారబోసేదే కావాలి."

అతను మా వంక జాలిగా చూసి, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాడు. సిమెంటు సంచిలో నిండా పోసి, బండి మీద తనే పెట్టి, టీ కూడా తాగించాడు. చూశారా, మర్యాద ఎక్కడా వదలదు.

ఇక కుండీ. మట్టిదై ఉండాలి, అడుగున బెజ్జం ఉండాలి, పాతదానికన్నా అంగుళం రెండంగుళాలు మాత్రమే పెద్దదై ఉండాలి. ఈ మూడో షరతు దగ్గరే మన నాగరికత ఓడిపోతోంది. "ఎలాగూ పెరుగుతుందిగా" అని పిల్లల యూనిఫాం మొదలుకొని డూప్లెక్సు దాకా అన్నీ రెండు సైజులు పెద్దవి తీసుకునే జాతి మనది. నిమ్మకాయంత కాక్టస్‌ను గంగాళంలో పెడితే, ఆ చుట్టూ ఉన్న మట్టిలో తడిని పీల్చడానికి వేర్లే ఉండవు. అక్కడే కుళ్లు మొదలవుతుంది.

మొక్కను పట్టుకోవడానికి వంటింటి పట్టకారు భేషుగ్గా ఉంటుంది. అయితే అది వంటింటి యజమానురాలి అనుమతితో జరగాల్సిన పని, అనుమతి రాదు. రెండో మార్గం దినపత్రిక. నాలుగు మడతలు పెట్టి, పట్టీలా చేసి, మొక్క నడుముకు చుట్టి, రెండు కొసలూ కలిపి లేపాలి. సినిమా పేజీ నున్నగా ఉండి జారుతుంది. వ్యాసాల పేజీ బాగా పనికొస్తుందని అనుభవజ్ఞులు చెబుతున్నారు. నాగజెముడు జాతిదైతే మరీ జాగ్రత్త. పెద్ద ముళ్లు కనబడతాయి, వాటి మొదళ్ల దగ్గరుండే నూగుముళ్లు కనబడవు. అవి వేలిలో దిగాక, టేపు అంటించి లాగుతూ కూర్చోవడమే ఆదివారం కార్యక్రమం.

ఎర్ర టోపీ పెట్టుకున్నట్టుండే రకం గురించి ఒక మాట. అది ఒక మొక్క కాదు, రెండు. పైన ఎర్రగుండుకు పత్రహరితం లేదు, సొంతంగా తిండి తయారుచేసుకోలేదు. కింద పచ్చటి కాడ, చాలావరకు డ్రాగన్ ఫ్రూట్ తెగది, కష్టపడి దాన్ని పోషిస్తుంది. ఫొటోలు మాత్రం పైదానికే. ఈ ఏర్పాటు ఏ ఆఫీసులోనైనా చూడవచ్చు కనుక వివరించం. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా చూసుకుంటే చాలు.

పాత మట్టి దులిపి, నల్లబడిన వేర్లు కోసి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కొత్త కుండీలో పొడిమట్టిలో నాటాలి. ఆ తర్వాత వారం రోజులు నీళ్లు పొయ్యకూడదు. తెగిన వేర్లు మానాలి.

ఈ వారమే గండం. మా ఇంట్లో తెల్లారి తులసికోటకు పోసి చెంబులో మిగిలినవి అత్తయ్యగారు కాక్టస్‌కు పోస్తారు, తీర్థం కనుక వృథా చెయ్యకూడదు. పనమ్మాయి బాల్కనీ కడిగాక బకెట్లో మిగిలినవి పోస్తుంది, పాపం మొక్క కనుక. సాయంత్రం పిల్లవాడు వాటర్ బాటిల్ ఖాళీ చేస్తాడు, బడిలో తాగలేదని తెలియకూడదు కనుక. ఎవరి మట్టుకు వాళ్లు పోసేది ఒక గుక్కెడే. కొత్త అల్లుడికి తలా ఒక గరిటె వడ్డించినట్టు, వద్దంటున్నా వినరు, మొహమాటపడుతున్నాడనుకుంటారు. నెల తిరక్కుండా కాక్టస్ మొదలు మెత్తబడి, పక్కకు ఒరుగుతుంది. అప్పుడు అందరూ ఏకగ్రీవంగా అనే మాట: "నీళ్లు సరిపోలేదేమో!"

"నీళ్లు పొయ్యరాదు" అని అట్టముక్క రాసి గుచ్చాం. అత్తయ్యగారు కళ్లజోడు లేకుండా పూజ చేస్తారు. చెంబు దాచాం. గ్లాసు తెచ్చారు.

కడకు మేము చేసిన సూచన ఇది, నగరమంతటా అమలు చెయ్యవచ్చు. కాక్టస్‌ను కిటికీ అవతలి గట్టు మీదికి, చెయ్యి అందని చోటికి మార్చి, తులసి పక్కన ఒక చేమ కుండీ పెట్టాలి. ఎన్ని చెంబులు పోసినా చేమ వద్దనదు. పైగా దుంపలు ఊరితే పులుసు పెట్టుకోవచ్చు. ఆ పులుసు తిన్నాక మూడో అంతస్తు బాబాయిగారు కూడా, ఆగ్నేయంలో ఏ మొక్కయినా పరవాలేదన్నారు.