దారి చెప్పడం పోతుటీగల పని కాదు

మొన్న ఏప్రిల్‌లో ఉద్దానంలో మా చుట్టాల పెళ్ళికని బండేసుకుని బయల్దేరాం, ఊరి పొలిమేరలో ఫోన్‌లో సిగ్నల్ పోయింది, రచ్చబండ మీద నలుగురు పెద్దమనుషులుంటే అడిగాం. "ఇలగెల్లి అలగ తిరిగితే వచ్చెత్తాది బావూ, దగ్గరే" అన్నారు. ఒకాయన చెయ్యి జీడితోటకేసి, ఇంకొకాయనది కొబ్బరితోటకేసి. గంట తిరిగి మళ్ళీ అదే రచ్చబండ దగ్గర తేలాం. పైగా "దొరికిందేటి?" అట.

కాబట్టి ప్రభుత్వం వారికి నా వినతి ఏంటంటే, దారి చెప్పే శాఖని తక్షణం తేనెటీగలకి అప్పగించాలి.

నవ్వకండి. ఈగలు దారి చెప్తాయని తేల్చిన శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ ఇచ్చారు. పూలు చూసొచ్చిన ఈగ, గూటిలో చిమ్మచీకట్లో, నిలువు తేనెపట్టు మీద నడుం ఊపుతూ నడుస్తుంది. తిన్నగా పైకి ఊగుతూ నడిస్తే సూర్యుడికేసి ఎగరమని, నిలువుకి 40 డిగ్రీలు కుడికి వాలితే సూర్యుడికి 40 డిగ్రీలు కుడికని. ఎంతసేపు ఊగితే అంత దూరం, ఆయన చూసిన ఈగల్లో సెకనుకి దాదాపు కిలోమీటరు. చాలాసేపు ఈ నాట్యం ఆడితే ఈలోపు సూర్యుడు జరుగుతాడు కదా, దానికి తగ్గట్టు వాలు కూడా మార్చుకుంటుంది! మనం అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాల మీద పడుతుంటే ఎగబడి చూస్తాం, ఆ పురుగు ఆయన్ని రోజూ కొలిచే డ్యూటీకెళ్తుంది. యాసలూ ఉన్నాయి వాటికి, అదే దూరానికి ఒక జాతి ఎక్కువసేపు ఊగితే ఇంకో జాతి తక్కువ. మనకీ యాస ఉంది, అడ్రసే లేదు.

తప్పు దారికి బ్రేకు కూడా ఉంది. ఆ పూల దగ్గర ప్రమాదం తగిలొచ్చిన ఈగ, ఇంకా అక్కడికే దారి చెప్తున్నదాన్ని తలతో ఒక్కటి గుద్ది బీప్ మంటుంది, ఆట ఆగుతుంది. రచ్చబండ మీద కొబ్బరితోటాయన జీడితోటాయన్ని అలా ఒక్కటి గుద్దుంటే మాకు పెట్రోలు మిగిలేది.

అన్నట్టు ఆడేవన్నీ ఆడ ఈగలే. పోతుటీగలు తేనె తేవు, కుట్టలేవు, దారీ చెప్పవు, కరువొస్తే ఆడవి వాటిని గూట్లోంచి గెంటేస్తాయి. రచ్చబండ ఖాళీ చేయించమని నేననట్లేదు, ఊరికే చెప్తున్నా.

చివరికి జీడిపిక్కల బుట్టతో ఒక ముసలమ్మ ఎదురైంది, నోట్లో అడ్డపొగ చుట్ట. తల పైకెత్తి ఒక్కసారి ఆకాశం చూసింది.

"పొద్దుని కుడిసేతి కాడ ఎట్టుకుని ఎల్లండి బాబూ. ఒక సుట్ట కాలినంత దూరం."

తిన్నగా పందిట్లోకే వెళ్ళి ఆగాం. పనసకాయ కూర అయిపోయింది.